ముసుగు కింద తుప్పు

పోయిన దీపావళికి మా మిషిగన్‌లో ఒక మిత్రుడింట్లో భోజనాలయ్యాక, అలవాటు ప్రకారం మగవాళ్ళమంతా బేస్‌మెంటులోకి దిగాం. స్టాకులూ, గ్రీన్‌కార్డు క్యూలూ, పిల్లల కాలేజీలూ వరసగా అయిపోయాయి. ఇక మాట నా కారు మీదికి మళ్ళింది.

"ఇంకా ముసుగు వెయ్యలేదా గురూ? చలి ముంచుకొచ్చేస్తోంది," అన్నాడొకాయన.

"వెయ్యను. జనవరిలో కూడా నడుపుతాను," అన్నాను.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళు దాటిన స్పోర్ట్స్ కారుని మిషిగన్ ఉప్పు రోడ్ల మీదికి తీసుకెళ్తానంటే, చంటిపిల్లాణ్ణి చొక్కా లేకుండా మంచులోకి పంపుతానన్నట్టు చూశారు నన్ను. తర్వాత సలహాలు మొదలయ్యాయి. ఒకాయన ఏప్రిల్ దాకా గరాజ్‌లో పెట్టి తాళం వేసెయ్యమన్నాడు. ఇంకొకాయన కింద నల్ల తారు కొట్టించేస్తే ఇక జన్మలో చూసుకోనక్కర్లేదన్నాడు. మూడో ఆయన బ్యాటరీకి తగిలించే ఏదో ఎలక్ట్రానిక్ డబ్బా గురించి చెప్పాడు. నాలుగో ఆయన, మాలో బాగా సంపాదించినాయన, నవ్వేసి "అమ్మిపారెయ్యవయ్యా, లీజుకి కొత్తది తీసుకో. మూడేళ్ళకోసారి మార్చేస్తే తుప్పుతో మనకేం పని?" అన్నాడు.

గులాబ్‌జామ్ చేతిలో పెట్టుకుని పోట్లాడటం బాగుండదని ఆ రోజు ఊరుకున్నాను. ఆ నలుగురికీ ఇక్కడ సమాధానం చెబుతాను. నలుగురూ చెప్పింది నిజానికి ఒకటే మాట: కారు కిందికి తొంగి చూడకుండా బతికే దారి. నా తగాదా దాంతోనే.

ముందు కారు సంగతి. అది 1994 మోడల్ మాజ్డా మియాటా. రెండే సీట్లు, గుడ్డ టాపు, వెనక చక్రాలు తోసే బండి, బరువు సుమారు ఒక టన్ను. ఈ మోడల్ని మొదట 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో చూపించారు. అప్పటికి అలాంటి చిన్న, తేలిక, పై కప్పు తీసే కార్లు అమెరికాలో దాదాపు కనుమరుగైపోయాయి. 2016 ఏప్రిల్‌లో పది లక్షలో మియాటా ఫ్యాక్టరీ దాటింది. అంటే నా దగ్గరున్నది మ్యూజియం వస్తువేమీ కాదు. మామూలు జీతగాళ్ళు కొనుక్కుని రోజూ నడుపుకోవాలని చేసిన కారు. పెట్టెలో పెట్టిన పట్టుచీరకీ దీనికీ పోలిక లేదు.

ఇక తుప్పు. దానికి ఇనుమూ, నీళ్ళూ, ఆక్సిజనూ చాలు. ఉప్పు నేరుగా ఇనుముని తినదు. నీళ్ళని కరెంటు బాగా పారే ద్రవంగా మారుస్తుంది. ఇనుము ఒకచోట కరుగుతూ ఎలక్ట్రాన్లు వదిలితే, ఇంకోచోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. మంచినీళ్ళలో నత్తనడక నడిచే ఈ వ్యవహారం ఉప్పునీళ్ళలో పరుగెడుతుంది. పైగా ఉప్పు, నీళ్ళని గడ్డకట్టనివ్వదు కాబట్టి చలిలో కూడా ఇనుము తడిగానే ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఉప్పు గాలిలోంచి తేమ లాక్కోవడం. తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే చెమ్మగిల్లుతుంది. మరీ చలిగా ఉన్న రోజుల్లో వాడే కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్లకి 30 శాతం చిల్లర చాలు. ఇదేమీ కొత్త విషయం కాదు మనకి. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చూసినవాళ్ళమే అందరమూ.

మొదటి మిత్రుడి గరాజ్ సలహా తీసుకుందాం. కారు కొన్న మొదటి రెండు చలికాలాలూ నేనూ ఆ పనే చేశాను. నవంబరులో ఇంట్లోకి తోసి, మెత్తటి ముసుగు కప్పి, మా ఆవిడ "దానికి దిష్టి కూడా తియ్యండి" అని వెక్కిరిస్తున్నా పట్టించుకోకుండా, ఏప్రిల్‌లో ముసుగు తీశాను. రెండో ఏప్రిల్‌లో డ్రైవరు వైపు వెనక చక్రం ముందు రంగు కొద్దిగా ఉబ్బి కనిపించింది. వేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది.

ఆ కారు ఉప్పు రోడ్డు చూసి అప్పటికి రెండేళ్ళు. మరి తుప్పెక్కడిది? మియాటా తెలిసినవాళ్ళకి జవాబు తెలుసు. గుడ్డ టాపు మీద పడిన వాన నీళ్ళు సీట్ల వెనక రెండు సన్నటి తూముల్లోంచి కారు కిందికి పోవాలి. చెట్టు కింద ఆపినప్పుడు పడిన ఆకులూ, పైన్ సూదులూ ఆ తూముల్లో చేరి మూసుకుపోతాయి. అప్పుడు నీళ్ళు పక్కకి పొంగి, తలుపు కింద గడపలా పొడుగ్గా ఉండే డొల్ల పెట్టెలోకి దిగుతాయి. నేను అక్టోబరు ఆకులతో సహా కారుని లోపల పెట్టి, గాలి ఆడకుండా ముసుగు కప్పి, ఐదు నెలలు తడిలో నానబెట్టానన్నమాట. వెల్డింగు చేసినతను ఆ గడపలోంచి గుప్పెడు నల్లటి ఆకు కుళ్ళు తీసి నా చేతిలో పెట్టాడు. ఆ తుప్పులో ఉప్పు పాపం సున్నా. పాపమంతా నాదే.

వెచ్చటి గరాజ్ ఉందని గర్వపడేవాళ్ళకి ఇంకో మాట. రసాయన చర్యలు చలిలో మందగిస్తాయి, వేడిలో పుంజుకుంటాయి. ఉప్పు బురద అంటిన కారుని వెచ్చటి గరాజ్‌లో పెడితే, బయట గడ్డకట్టి ఊరుకున్న బురద కాస్తా కరిగి, సందుల్లోకి దిగి, రాత్రంతా పని చేస్తుంది. కడగని కారుకి వెచ్చటి గరాజ్ కన్నా చల్లటి గరాజే మేలు. ఇక ఐదు నెలలు కదలకుండా ఉన్న కారులో పెట్రోలు పాతబడుతుంది, టైర్లు ఒకవైపు చదునవుతాయి, బ్రేకు డిస్కులు ఎర్రబడతాయి, సీట్ల కింద ఎలుకలు కాపరం పెడతాయి.

రెండో మిత్రుడి నల్ల తారుకి జవాబు చెప్పాలంటే ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

2004 ఫిబ్రవరి. నేను ఎమ్మెస్ రెండో ఏడు చదువుతున్నాను. నలుగురం కలిసి 1,400 డాలర్లకి ఒక పాత సెడాన్ కొన్నాం. అమ్మినాయన కారుని జాకీ మీద లేపి మరీ చూపించాడు. కింద అంతా నున్నగా, నల్లగా, కొత్త తారు రోడ్డులా నిగనిగలాడుతోంది. "ఒక్క చుక్క తుప్పు లేదు, చూసుకోండి," అన్నాడు. మేం నిజంగానే మురిసిపోయాం. మూడు వారాల తర్వాత ఒక శనివారం ఇండియన్ స్టోరుకి వెళ్ళి వస్తున్నాం. ముగ్గురు రూమ్మేట్లు, ఒకడి ఒళ్ళో ఇరవై పౌన్ల బియ్యం సంచి. సిగ్నల్ దగ్గర బ్రేకు నొక్కితే పెడల్ సగం కన్నా కిందికి, మెత్తగా, అడుగు దాకా దిగిపోయింది. బ్రేకుల్లో రెండు సర్క్యూట్లు ఉంటాయి కాబట్టి సగం బ్రేకు మిగిలింది. హ్యాండ్‌బ్రేకు లాగాను. ముందున్న పికప్ ట్రక్కుకి రెండడుగుల దూరంలో ఆగాం. బియ్యం సంచి పట్టుకున్నవాడు ఆ తర్వాత వారం రోజులు నా కారెక్కలేదు.

మెకానిక్ ఆ నల్ల పూతని స్క్రూడ్రైవరుతో గీకాడు. పూత అట్టులా లేచొచ్చింది. దాని వెనక బ్రేకు గొట్టం పొరలు పొరలుగా రాలింది. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

ఈ గట్టిపడే పూతలతో చిక్కే అది. కొత్త కారుకి, శుభ్రమైన పొడి లోహం మీద, ఫ్యాక్టరీలో వేస్తే అవి పనిచేస్తాయి. ముప్ఫై ఏళ్ళ కారు కింద అప్పటికే ఎక్కడో తుప్పు ఉంటుంది, మట్టి ఉంటుంది, సందుల్లో తడి ఉంటుంది. దాని మీద తారు కొడితే తుప్పుని లోపల పెట్టి మూత వేసినట్టే. కొన్నాళ్ళకి పూత ఎక్కడో పగులుతుంది. పగుల్లోంచి ఉప్పునీళ్ళు లోపలికి పోతాయి, బయటికి రావు. అన్నిటికీ మించి, లోపల ఏం జరుగుతోందో మీకు కనపడదు. "జీవితకాలం వారంటీ" కాగితం మీద చిన్న అక్షరాల్లో ఏముందో ఒకసారి చదవండి. ఏటా తీసుకొచ్చి చూపించాలని కనిపించే అవకాశం ఎక్కువ. ఏటా చూడటం తప్పనప్పుడు ఆ తారుతో మనకొచ్చిన సుఖమేమిటి?

మూడో మిత్రుడు కంప్యూటర్ సైన్సే చదివాడు, నాతోపాటు. అందుకే ఆయన మీద కోపం ఎక్కువ. ఓడల అడుగుభాగాలకీ, భూమిలో పాతిన పైపులకీ కరెంటుతో తుప్పు ఆపడం నిజమే. దాన్ని కాథోడిక్ రక్షణ అంటారు. కానీ ఓడ ఎప్పుడూ సముద్రంలోనే ఉంటుంది, పైపు తడి నేలలోనే ఉంటుంది. అక్కడ కరెంటు సర్క్యూట్ పూర్తవడానికి చుట్టూ తడి ఉంది. కారు గాల్లో ఉంది. దాని మీద అక్కడొక చుక్కా ఇక్కడొక చుక్కా నీళ్ళుంటాయి. వాటి మధ్య దారి లేదు. బ్యాటరీ దగ్గర ఒక డబ్బా పెట్టి వెనక చక్రం దగ్గర తుప్పు ఆపుతానంటే ఎలా కుదురుతుంది? అలాంటి ఒక డబ్బా అమ్మకందారు మీద 1990లలోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. అయినా కొత్త పేర్లతో కొత్త డబ్బాలు వస్తూనే ఉన్నాయి. సర్వర్ బ్యాకప్ తీసుకోకుండా "క్లౌడ్‌లో ఉంది కదా" అనే క్లయింటుని చూసి నవ్వుకునే మనం, కారు దగ్గరికొచ్చేసరికి అదే క్లయింటు అయిపోతాం.

నాలుగో మిత్రుడిది అన్నిటికన్నా తెలివైన సలహా. ఆయన లెక్క ఆయన వరకూ సరైనదే. మూడేళ్ళలో తుప్పు ఏమీ చెయ్యదు. ఈ కాలం కార్లకి జింకు పూత ఉంటుంది. పోర్షా 911కి 1976 మోడల్ నుంచే ఉంది, మిగతావాళ్ళు తర్వాతి ఇరవై ఏళ్ళలో మెల్లగా ఆ దారికొచ్చారు. మూడేళ్ళయ్యాక తాళాలిచ్చేస్తే ఆయన పని అయిపోయింది.

కారు పని అయిపోలేదే! దాన్ని ఇంకొకరు కొంటారు. ఆరేళ్ళు పోయాక మరొకరు. పన్నెండో ఏట దాన్ని కొనేది ఎవరు? ఇండియా నుంచి అప్పుడే దిగి, చేతిలో పదిహేను వందల డాలర్లున్న ఎమ్మెస్ కుర్రాడు. 2004లో అది నేను. మొదటి ఆయన ఉప్పు కడగలేదు, రెండో ఆయన చూడలేదు, మూడో ఆయన తారు కొట్టి అమ్మాడు. నా కాలి కింద పెడల్ దిగిపోయింది. "తుప్పుతో మనకేం పని" అన్న మాట ఖరీదు ఎప్పుడూ వరసలో చివరనున్నవాడే కడతాడు.

ఇది నా ఒక్కడి గొడవ కాదు. 1999 నుంచి 2003 దాకా తయారైన కొన్ని ట్రక్కుల్లో బ్రేకు గొట్టాలు తుప్పు పట్టి తెగుతున్నాయని వచ్చిన ఫిర్యాదుల మీద, ఇక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఏళ్ళ తరబడి విచారణ చేసి 2015లో మూసేసింది. ఉప్పు చల్లే రాష్ట్రాల్లో పాత బండ్లకి ఇది మామూలేనని తేల్చింది, కంపెనీని రీకాల్ చెయ్యమనలేదు. చలికాలమంతా బండి అడుగుభాగం కడుక్కోండి, ఏడేళ్ళు దాటిన బండికి బ్రేకు గొట్టాలు చూపించుకోండి అని ప్రజలకి చెప్పింది. అంటే చూసుకోవలసింది మనమే.

మరి నేనేం చేస్తాను? గొప్ప రహస్యమేమీ లేదు. సెప్టెంబరు చివర పొడిగా, ఎండగా ఉన్న శనివారం కారు అడుగంతా కడిగి, రెండు రోజులు ఆరనిస్తాను. తర్వాత జాకీతో లేపి, నాలుగు గట్టి స్టాండ్ల మీద కూర్చోబెడతాను. ఒట్టి జాకీని నమ్మి కారు కింద దూరకండి, ప్రాణం పోతుంది. తూముల్లోకి గడ్డి కోసే మిషను నైలాను తీగ దూర్చి ఆకులు తీస్తాను. ఇనప తీగ వాడితే లోపలి గొట్టం చిల్లు పడుతుంది. ఆ తర్వాత గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు, లానొలిన్, అది కలిసిన మెత్తటి పూతని పొడుగు గొట్టం స్ప్రేతో గడపల లోపలికి, అతుకుల్లోకి, బ్రేకు గొట్టాల పొడుగునా కొడతాను. బ్రేకు డిస్కుల మీద, సైలెన్సరు గొట్టం మీద, రబ్బరు భాగాల మీద పడకుండా చూసుకుంటాను. ఇది గట్టిపడదు, కాబట్టి పగలదు. కొద్దికొద్దిగా పాకుతూ సందుల్లోకి పోతుంది. వేలితో తుడిస్తే కింద లోహం కనపడుతుంది. ఏడాదిలో కడుక్కుపోతుంది కూడా, అందుకని మళ్ళీ ఏడు మళ్ళీ కొట్టాలి. అది లోపమంటారు అమ్మేవాళ్ళు. నేను గుణమంటాను, ఏటా ఒకసారి నన్ను కారు కింద పడుకోబెడుతుంది కాబట్టి. వారం రోజులు గరాజ్ గొర్రెల దొడ్డిలా కంపు కొడుతుంది. మా ఆవిడ ఆ వారం తన కారు బయట పెట్టుకుంటుంది.

నడపడం కూడా గుడ్డిగా నడపను. తుపాను రోజున, ముందే ఉప్పునీళ్ళు చల్లి రోడ్డు మీద తెల్ల చారలు కనపడే రోజున, మంచు కరిగి 32 డిగ్రీల దగ్గర బురద బురదగా ఉన్న రోజున ఇంటి దగ్గరే ఉంచుతాను. చలి గట్టిగా ఉండి, ఎండ కాసి, రోడ్డు ఎండిపోయి తెల్లబారిన రోజున చలికాలపు టైర్లతో బయటికి తీస్తాను. గడ్డకట్టే చలి కాస్త తగ్గిన మొదటి రోజునే అడుగుభాగం కడిగి, ఇరవై నిమిషాలు నడిపి ఆరబెడతాను. బూట్లతో లోపలికొచ్చిన ఉప్పుకి రబ్బరు చాపలు వేసి, నెలకోసారి ఎత్తి చూస్తాను. ఏప్రిల్‌లో ఒక పెద్ద స్నానం. వెచ్చబడ్డాక మిగిలిన ఉప్పే అసలు హాని చేస్తుంది కనక దాన్ని మాత్రం మానను.

నా మాటకి మినహాయింపులు లేవనను. వేలల్లో ఒకటి మిగిలిన కారుంటే, లేక పునాది పట్టాలకే తుప్పెక్కిన కారుంటే, శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, తూములు తీసి, గాలి ఆడే చోట పెట్టుకోండి. కిందకి దూరే ఓపిక లేనివాళ్ళు కూడా చలికాలం నడపకండి. రోడ్ల మీద ఉప్పే వద్దని కూడా నేననను. 1938లో న్యూ హాంప్‌షైర్‌లో ప్రయోగంగా మొదలైన ఈ పద్ధతి ఎన్నో ప్రాణాలు కాపాడింది. ఇవాళ దేశమంతా ఏటా చల్లేది సుమారు రెండు కోట్ల టన్నులు. మా డెట్రాయిట్ నగరం కిందే, సుమారు 1,200 అడుగుల లోతున, ఉప్పు గని ఉంది. ఆ ఉప్పంతా చివరికి పోయేది నదుల్లోకే. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదన్నారు. 2014లో మాకు గంట దూరంలో ఉన్న ఫ్లింట్ ఊరికి నది నీళ్ళిచ్చినప్పుడు, ఆ నీళ్ళలో క్లోరైడు ఎక్కువై ఇంజిను భాగాలకి తుప్పు పడుతోందని జనరల్ మోటార్స్ కర్మాగారం అదే ఏడు అక్టోబరులో ఆ నీళ్ళు మానేసింది. ఊళ్ళో మనుషులకి మాత్రం ఇంకో ఏడాది అవే నీళ్ళు. ఇంజినుని దగ్గరగా చూసేవాళ్ళున్నారు కాబట్టి అది బతికిపోయింది.

ఇదంతా నాకు నేర్పింది అమెరికా కాదు. విశాఖలో, పెదవాల్తేరులో మా ఇల్లు. సముద్రపు గాలికి కిటికీ ఊచలు ఏడాదికే ఎర్రబడేవి. నాన్నగారు ఏటా వాటిని ఉప్పుకాగితంతో గీకి, రెడ్ ఆక్సైడు పూసి, ఆపైన రంగు వేసేవారు. వానలకి ముందు బజాజ్ చేతక్‌ని పక్కకి పడుకోబెట్టి, మెకానిక్ దగ్గర తెచ్చిన వాడేసిన ఆయిలు పాత బ్రష్షుతో అడుగంతా రాసేవారు. టార్చి పట్టుకోవడం నా డ్యూటీ. ఆ స్కూటరు మీద ఆయన పద్దెనిమిదేళ్ళు ఆఫీసుకెళ్ళారు. ఉప్పుగాలి ఉందని దాన్ని ఇంట్లో పెట్టి బస్సెక్కాలన్న ఆలోచన ఆయనకి ఒక్కరోజు కూడా రాలేదు. వాడేసిన ఆయిలు ఇక్కడ పుయ్యకూడదు, వాన నీళ్ళతో కాలవల్లో కలుస్తుంది. అందుకని ఆయన ఆయిలు పోయి నా గొర్రె కొవ్వు వచ్చింది. మిగతాదంతా ఆయనదే.

ఈ సెప్టెంబరులో టార్చి పట్టుకోవడానికి పదిహేనేళ్ళ మా అమ్మాయి వచ్చింది. మొదట ఫోన్ చూసుకుంటూనే పట్టుకుంది. కాసేపటికి తనే అట్ట పరుచుకుని నా పక్కన దూరింది. "నాన్నా, ఇక్కడ కొత్తగా ఎర్రగా ఉంది. పోయినేడు ఇది లేదు," అంది. బ్రేకు గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పు కింద, బఠాణీ గింజంత మచ్చ. నేను అప్పటికే రెండుసార్లు ఆ చోటు దాటి వెళ్ళాను, చూడలేదు. గీకి, కడిగి, ప్రైమరు వేశాం. ఆ గొట్టం ముక్క మరుసటి వారం మార్పించాను.

ఆ నలుగురు మిత్రులకీ ఇదే నా ఆహ్వానం. జనవరిలో రోడ్డు ఎండిన ఒక ఆదివారం మా ఇంటికి రండి. టాపు దించి, హీటరు పెట్టి, ఒక్కొక్కరినీ ఊరంతా తిప్పుతాను. తిరిగొచ్చాక టీ తాగి, మీ కార్ల కింద కూడా ఒకసారి చూద్దాం. టార్చి పట్టుకోవడానికి మా అమ్మాయి ఉంది.